పదమూడేళ్ళు తొంభై ఒకటి

మా రేషను కార్డులో కుటుంబ యజమాని అన్నచోట మా నాన్న పేరుండేది. రాసినవాళ్ళు మా ఇంటికొచ్చి చూసి రాయలేదు గనక అలా జరిగింది. నరసాపురంలో మా వీధివాళ్ళకీ, పాలు పోసేవాడికీ, లేసు దారం తెచ్చే మామ్మగారికీ, మా అరుగు కింద పడుకునే కుక్కకీ మాత్రం యజమాని ఎవరో బాగా తెలుసు. అప్పటికి ఆ యజమానికి పదమూడేళ్ళు. రెండు జడలు, బొత్తిగా పొట్టయిపోయిన పావడా, ఎడంచేతి సంచీలో దారం ఉండ, జడలో దోపుకున్న అల్లికసూది. మా అక్క.

నాకంటే నాలుగేళ్ళే పెద్ద. ఎదురుపడితే ‘నువ్వు’ అనే అంటాను. కానీ నలుగురితో చెప్పేటప్పుడు ‘అది’ అనడానికి యాభై ఏళ్ళు దాటినా నోరు రావట్లేదు. అందుకని ఇక్కడ కూడా ఆవిడ అనే రాస్తున్నాను. భయం వల్లనే.

పెద్దకూతురంటే ఒక వరస అనుకుంటారు చాలామంది. మా అమ్మ దాన్ని ఉద్యోగం కిందే జమకట్టింది. నేను పుట్టిన పదకొండోరోజున నన్ను చాప మీద పడుకోబెట్టి, “పెద్దపాపా, చెల్లిని కాస్త చూస్తూండమ్మా” అని వంటింట్లోకి వెళ్ళిందట. ఎంతసేపు చూడాలో చెప్పలేదు. అక్క ఇంకా చూస్తూనే ఉంది. తర్వాత ఒక చెల్లీ ఒక తమ్ముడూ వచ్చి చాప మీద జనాభా పెరిగింది గాని, కాపలా మనిషి మారలేదు. జీతం లేదు, సెలవు లేదు. అధికారం మాత్రం కలెక్టరుకున్నంత.

పొద్దున్నే బడికి జడలు వేసే పని ఆవిడదే. అమ్మ పొయ్యి దగ్గరుండేది. మేం అరుగు మీద వరసలో ఉండేవాళ్ళం. నా జుట్టు అక్క గుప్పిట్లో ఉన్న సమయం చూసి ఎక్కాలు అప్పజెప్పమనేది. తప్పు చెబితే కొట్టేది కాదు. “పిల్లల మీద చెయ్యి చేసుకోవడం నాకు పడదండీ” అని పక్కింటి పిన్నిగారితో గొప్పగా చెప్పుకునేది కూడా. తప్పుకొకసారి పాయ బిగించేది, అంతే. పన్నెండు ఎక్కాలు నాకు చెవుల్లోంచి కాక జుట్టు కుదుళ్ళలోంచి ఎక్కాయి. పదమూడో ఎక్కం దగ్గర బండి ఆగేది. పదమూడార్లు డెబ్బై ఎనిమిది దాకా బుద్ధిగా వచ్చి, ఆ తర్వాతది నోట్లో పడగానే నాకు నవ్వాగేది కాదు. పదమూడేళ్ళు తొంభై ఒకటి! వెనకాల కూర్చుని జడ వేస్తున్న మనిషి లెక్క అదే మరి. వయసు చూస్తే పదమూడేళ్ళు, మాటలు చూస్తే తొంభై ఒకటి. ఒకరోజు ఉండబట్టలేక ఆ మాట పైకే అన్నాను. ఆవేళ వేసిన జడ ఆదివారం తలంటుకి గాని ఊడలేదు.

తొంభై ఒకటి అని కసికొద్దీ అన్నది కాదు, నిదర్శనాలున్నాయి. “మా చిన్నప్పుడు ఇన్నిన్ని వానలెక్కడివి?” అనేది. “నీ అంత ఉన్నప్పుడు నేను బిందెతో నీళ్ళు మోశాను” అనేది. నా అంత ఉన్నప్పుడంటే నాలుగేళ్ళ కిందట. నేనూ అక్కడే ఉన్నాను, చూశాను, అది బిందె కాదు, చెంబు. పీట మీంచి లేస్తే మా నాయనమ్మలా మోకాలి మీద చెయ్యి వేసి “రామా” అనేది. అరుగు మీద పెద్దవాళ్ళు పెళ్ళి సంబంధాలు మాట్లాడుకుంటుంటే పక్కన లేసు అల్లుకుంటూ కూర్చుని, తలెత్తకుండా, “పెట్టుపోతల సంగతి ముందే తేల్చుకోవడం మంచిదండీ” అనేది. పెద్దవాళ్ళు నవ్వి ఊరుకున్నారనుకుంటున్నారేమో. లేదు. “అదీ నిజమేలే” అనేవారు.

కూరల బజారులో అయితే ఆవిడని చూడగానే కొంతమంది గంపల మీద గోనెపట్టాలు కప్పుకునేవారని మా నాన్న అనేవారు. వంకాయని చేత్తో తీసి, తొడిమ పట్టుకుని తిప్పి, వెలుగులో పెట్టి చూసేది. బేరం కుదరకపోతే నాలుగడుగులు వేసి వెళ్ళిపోయేది, వెనక్కి పిలుస్తారన్న నమ్మకంతో. పిలిచేవారు. “మీ అమ్మనంపరాదా తల్లీ” అని ఒక ముసలమ్మ దణ్ణం పెట్టడం నా కళ్ళతో నేను చూశాను. 1983లో రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు మా ఇంటి తరఫున వరసలో నిలబడ్డది కూడా ఈవిడే. ఒక సంచీ బియ్యానికి, ఒక సంచీ పంచదారకి, ఒక డబ్బా కిరసనాయిలుకి. తనకి చేతులు రెండే గనక మూడోదానికి నన్ను తీసుకెళ్ళేది. నిలబడ్డందుకు నాకు దక్కింది ఎండ. ఆవిడకి దక్కింది పరపతి. తూకం దగ్గర ముల్లు నిలబడేదాకా చూపు తిప్పేది కాదని డీలరు దగ్గర పేరు పడిపోయి, వెనకున్న ముసలివాళ్ళు “అమ్మాయీ, మాదీ కాస్త చూడవా” అని తమ సంచులు కూడా ఈవిడ ముందుకే తోసేవారు.

ఇక ఆ చూపు. పెద్దకూతురున్న ఏ ఇంట్లోవాళ్ళకైనా దీని గురించి నేను చెప్పక్కర్లేదు. ఎవరింటికైనా వెళ్తే, పళ్ళెంలో సున్నుండలో జంతికలో వస్తాయి. ‘తీసుకోండమ్మా’ అంటారు. మేం ముగ్గురం పళ్ళెం వంక చూడకుండా అక్క వంక చూసేవాళ్ళం. ఒక కనుబొమ లేస్తే ఒకటి తీసుకోవచ్చు. రెండూ లేస్తే “వద్దండీ, ఇప్పుడే తినొచ్చాం” అని కోరస్‌గా చెప్పాలి. కళ్ళు చిన్నవైతే మన కాలు ఎక్కడో పెట్టకూడని చోట ఉందన్నమాట. ఇంత పకడ్బందీ ఏర్పాటు ఒక్కసారే బెడిసికొట్టింది. అక్కకి కంటికురుపు లేచింది. ఎడమకన్ను పూర్తిగా మూసుకుపోయింది. మా నాన్న స్నేహితుడి ఇంట్లో పళ్ళెం వచ్చింది. మేం చూశాం. ఉన్న ఒక్క కనుబొమా లేచింది. ఇది ఒకటి లేచినట్టా, రెండూ లేచినట్టా? నేనూ చెల్లీ దిక్కులు చూస్తుంటే మా తమ్ముడు నాలుగు సున్నుండలు తినేసి అయిదోది జేబులో వేసుకున్నాడు. ఇంటికొచ్చాక విచారణ జరిగింది. వాడు “నువ్వు సరిగ్గా చూపించలేదు” అన్నాడు. అక్క జవాబు చెప్పలేకపోయిన సందర్భం ఆవిడ చరిత్రలో అదొక్కటే.

మా ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేవి గోదావరి, అవతలికి దాటించే పంటు, లేసు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన అల్లిక చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పాకింది. దారం తెచ్చే మామ్మగారు ఇంటింటికీ పంచి వెళ్ళేది, అల్లినవి తీసుకెళ్ళి షావుకారుకిచ్చేది. విడివిడి పువ్వులు అల్లడం చేతిపని, వాటినన్నిటినీ కలిపి గుడ్డగా చెయ్యడం అతుకుపని. అక్క రెండూ చేసేది. బడినుంచొచ్చి చేసేది, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే చేసేది, నాకు పాఠం చెబుతూ చేసేది. ఆ పని చేస్తున్నట్టు చూపు ఎప్పుడూ ఉండేది కాదు. చేతులు ఎవరివో అన్నట్టు వాటిమానాన అవి అల్లుకుపోయేవి. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే, “ఏముందండీ, ఖాళీగా కూర్చోలేక” అనేది.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మా ఊరి లేసు పనివాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. అందరూ కాలక్షేపం అనుకునే ఈ అల్లిక నిజానికి దేశదేశాల మార్కెట్టుకి వెళ్ళే సరుకని, వీళ్ళని గృహిణులని పిలవడం వల్లనే కూలి అంత చవగ్గా దొరుకుతోందని ఆవిడ వాదన. నేనది ఎన్నో ఏళ్ళ తర్వాత చదివాను. చదివినంతసేపూ ఒకటే అనుకున్నాను, ఈవిడ మా అరుగు మీదికి రాకపోవడం వల్ల బతికిపోయిందని. వచ్చుంటే మా అక్క ఒక అధ్యాయం చెప్పి రాయించి, అచ్చుతప్పులు దిద్ది, దొరసాని చిక్కిపోయిందని ఇంత మజ్జిగన్నం కూడా పెట్టి పంపేది.

నేనూ లేసు అల్లాను. ఒక పువ్వు. దానికి మూడు రోజులు పట్టింది. తీసుకెళ్ళి చూపించాను.

“ఏంటే ఇది?”

“పువ్వక్కా.”

“ఏ చెట్టుదే?”

అంటూనే ఒక కొస పట్టుకుని లాగింది. మూడు రోజుల నా కళ అర నిమిషంలో మళ్ళీ దారమైపోయి ఉండకి చుట్టుకుంది. “లెక్కలో దారమే. మామ్మగారికి అప్పజెప్పాలి” అని ఒక్క ముక్క చెప్పింది. నాలో ఒక కళాకారిణి ఆరోజే చనిపోయింది. ఇప్పుడిలా వ్యాసాలు రాసుకుని బతకడానికి మూలకారణం అదే. పాఠకులు ఎవరినైనా నిందించదలుచుకుంటే ఎవరిని నిందించాలో చెప్పాను.

మామిడిపండు పంపకం కూడా చెప్పుకోవాలి. పండు ఒకటి, పిల్లలం నలుగురం. రెండువైపులా బద్దలు కోసి, వాటిని మళ్ళీ మాకు సమంగా చేసి, “మీరు తినండి, నాకు టెంకే ఇష్టం” అని టెంక పుచ్చుకుని గోడవైపు తిరిగి కూర్చునేది. పెద్దకూతురి త్యాగమని మా అమ్మ కళ్ళు తుడుచుకునేది. కోసేది ఎవరండీ? కత్తిపీట ఎవరి చేతిలో ఉంది? టెంకకి సగం పండు అంటిపెట్టుకుని ఉండేటట్టు కోయడం చేతనైనవాళ్ళకి త్యాగం ఏమంత కష్టం కాదు. ఈ సంగతి కనిపెట్టి నేను పదేళ్ళప్పుడే అమ్మకి ఫిర్యాదు చేశాను. “అది నీకు బద్ద ఇస్తుంటే నీకు దాని టెంక మీద కన్నా?” అని నన్నే కేకలేసింది. పై అధికారికి కిందివాడి మీద ఉన్న నమ్మకం అలాంటిది.

1984లో సంక్రాంతికొచ్చిన మా మేనమామ కనుమనాడు వెళ్తూ వెళ్తూ నా చేతిలో అయిదు రూపాయల నోటు పెట్టాడు. మావయ్య రిక్షా వీధి మలుపు తిరక్కముందే ఆ నోటు అక్క చేతిలోకి వెళ్ళింది. “నువ్వు పారేసుకుంటావు, నేను దాస్తాను.” పాత డైరీలో ఆవిడకి ఒక పద్దుంది. అందులో నా పేరు రాసి, ఎదురుగా జమ కట్టి చూపించింది. అంతా పద్ధతి ప్రకారం జరిగింది గనక నాకు ఏడవడానికి కూడా కారణం దొరకలేదు.

ఆ తర్వాత నెలరోజులు తిరక్కుండా అంతర్వేది తీర్థం. భీష్మ ఏకాదశికి మా ఊరు ఊరంతా గోదావరి దాటేది. రేవులో పంటెక్కి, అవతల సఖినేటిపల్లిలో దిగి, అక్కణ్ణుంచి కిక్కిరిసిన బస్సులో. బయల్దేరే ముందు అక్క మా ముగ్గుర్నీ వరసలో నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చింది. “జనంలో తప్పిపోతే ఏడవకండి. అటూ ఇటూ పరిగెత్తకండి. ఉన్నచోటే ఉండండి. నేనొచ్చి పట్టుకుంటాను.” చెల్లి పావడా బొందు నా పావడాకి ముడేసింది, తమ్ముణ్ణి నా చేతికిచ్చింది. తీర్థంలో రథం కదులుతుంటే జనం తోసుకొచ్చారు. కాసేపటికి చూస్తే మేం ముగ్గురం ఉన్నాం, నాన్న ఉన్నారు, అమ్మ ఉంది, అక్క లేదు. చెప్పిన మాట ప్రకారం మేం ఉన్నచోటే ఉన్నాం. నాన్న అంతకుముందే కొన్న జీళ్ళ పొట్లం మా దగ్గరే ఉంది గనక ఇబ్బందేం లేకపోయింది. ఇంతలో మైకులో వినపడింది: “నరసాపురం నుంచి వచ్చిన ముగ్గురు చిన్నపిల్లలు తప్పిపోయారు. వాళ్ళు ఎక్కడున్నా మైకు దగ్గరికి రావలసింది. వాళ్ళ అక్కగారు ఎదురుచూస్తున్నారు.”

తప్పిపోయింది తనే అన్న అనుమానం కూడా ఆ మనిషికి రాలేదు!

నాన్న నవ్వుతూనే మమ్మల్ని తీసుకెళ్ళారు. పందిరి కింద బల్ల మీద కూర్చుని ఉంది. ఒక జడ ఊడిపోయింది, కళ్ళు వాచి ఉన్నాయి. మమ్మల్ని చూడగానే లేచి, ఒకటి, రెండు, మూడు అని వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. అప్పుడు నా నెత్తి మీద ఒకటి మొట్టి, “కదలొద్దన్నానా, ఎక్కడికి పోయారే!” అంది. మేం కదల్లేదని నలభై ఏళ్ళుగా చెబుతున్నాను. ఆ కేసు ఇంకా తేలలేదు. తిరుగు ప్రయాణంలో పంటు దిగేదాకా నా మణికట్టు వదల్లేదు. నావి రెండు మట్టిగాజులు అక్కడే చిట్లిపోయాయి.

1986 ఆగస్టులో వరదొచ్చింది. భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి వెళ్ళిందన్న ఏడాది అది. ఇక్కడ గట్టు తెగుతుందన్న వదంతితో ఎవరికీ నిద్రల్లేవు. అక్కకి పదహారు. మా చదువుల సర్టిఫికెట్లు, రేషను కార్డు, ఆవకాయ జాడీ, మామ్మగారి లేసు మూట అటకెక్కించింది. ప్రాధాన్యం కూడా ఇదే వరసలో. రాత్రి లాంతరు పట్టుకుని గంట గంటకీ మా పేర్లు పిలిచి హాజరు వేసింది. నిద్రమత్తులో చివర నాన్న పేరు కూడా పిలిచేసింది. “ఉన్నానమ్మా” అన్నారు మా నాన్న. గట్టు తెగలేదు.

ఇలాంటి మనిషిని చూడ్డానికి పెళ్ళివారొచ్చారు. కాఫీలిచ్చారు. పెళ్ళికొడుకు సగం తాగి గ్లాసు కింద పెట్టబోయాడు. తలొంచుకుని చాప మీద కూర్చున్న పెళ్ళికూతురు తలెత్తింది. రెండు కనుబొమలూ కాదు, ఒక్కటే. ఆయన మిగతా కాఫీ కూడా గటగటా తాగేశాడు. సంబంధం అప్పుడే ఖాయమైపోయిందని మా నాన్న అనేవారు. “మీ అమ్మానాన్నలు మిమ్మల్ని కన్నారు, మీ అక్క పెంచింది. నా పెంపకం కూడా ఆవిడదే” అంటారు మా బావగారు ఇప్పటికీ, ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు, గొంతు తగ్గించి.

అక్క అత్తారింటికెళ్ళిన మర్నాడు మా ఇంట్లో పాలు పొంగిపోయాయి. అందరం ఆలస్యంగా లేచాం. స్వాతంత్ర్యం వచ్చిందని నేను రెండోసారి కాఫీ కూడా తాగాను. ఆ వారమే ఒకరోజు చెల్లి పుస్తకాలు ఎక్కడపడితే అక్కడ పడేసి వెళ్ళిపోతుంటే ఎవరో గట్టిగా, “నీ అంత ఉన్నప్పుడు నేను...” అనడం వినపడింది. చుట్టూ చూశాను. నేనే. ఆ తర్వాత ఆపలేకపోయాను. ఆఫీసువాళ్ళం కలిసి ఎక్కడికైనా వెళ్తే బస్సు కదిలే ముందు తలలు లెక్కపెట్టేది నేనే. పోయినేడు మా మేనేజరు గారి సంచీ జిప్పు సరిగ్గా వేసి, “చూసుకోవద్దూ?” అని కూడా అన్నాను. ఆయన “సారీ మేడమ్” అన్నాడు పాపం.

అక్కకి ఇప్పుడు యాభై అయిదు దాటింది. భీమవరంలో ఉంటుంది. చిత్రమేమంటే, ఇన్నేళ్ళకి తన వయసు పదమూడు దగ్గరికి దిగుతోంది. మనవరాలితో తొక్కుడుబిళ్ళ ఆడి చీలమండ బెణికించుకుంది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని టీవీలో చెప్పినరోజున ఫోన్ చేసి, “చూశావటే, మన లేసు!” అని ఒకటే అరుపులు. “నా పువ్వు విప్పకుండా ఉంటే ఇవాళ దానికీ గుర్తింపొచ్చేది” అన్నాను. “దాన్ని పువ్వని గుర్తుపట్టేదెవరే ముందు?” అంది.

మా నలుగురికీ వాట్సాప్‌లో ఒక గుంపుంది. రాత్రి తొమ్మిదింటికి “అందరూ తిన్నారా” అని ఒక వాక్యం వస్తుంది. ముగ్గురం తిన్నామని చెప్పేదాకా అది వస్తూనే ఉంటుంది. అరవైకి దగ్గరపడుతున్న తన కళ్ళకి ఫోన్ మంచిది కాదని ఆ ఫోన్‌లోనే మాకు రాస్తుంది. అట్లతద్దికి తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ చేస్తుంది, లేచి చద్దన్నం తినమని. గోంగూర ఉందా, పెరుగు తోడుకుందా అని అడుగుతుంది. హైదరాబాదులో పదకొండో అంతస్తులో ఉయ్యాల ఎక్కడ కడతానమ్మా అంటే, “నిన్ను ఊగమన్నానా, తినమన్నాను” అంటుంది. తింటాను. తినకపోతే ఎలా తెలుస్తుందో తెలీదు గాని తెలిసిపోతుంది.

నేను ఇదంతా రాసింది అసలు ఆ అయిదు రూపాయల కోసం. 1984 కనుమనాటి నోటు ఇంతవరకు నాకు తిరిగి రాలేదు. మొన్న అడిగాను. డైరీ భద్రంగా ఉందట, చూసి చెబుతానంది. చూసి చెప్పింది కూడా. నాకు రావలసింది అయిదు కాదట, నాలుగున్నరట. అంతర్వేది తీర్థంలో అర్ధరూపాయికి జీళ్ళు కొనిపించుకున్నానట. నాన్న కొన్న పొట్లం కాదు, అది వేరే.

నిజమే, కొనిపించుకున్నాను.